పాట స్టేజీ మీదే ఆగిపోతా ఉండాది, సంఘమంతా పాడాలంటే ఏం చెయ్యాల?

కొత్తసాక్షి (కందుకూరు దగ్గర)

అందరికీ వందనాలు. మా సంఘంలో ఆదివారం ఆరాధనకు 200 మంది దాకా వస్తారు. హాలు 80 అడుగుల పొడవు, 40 వెడల్పు, పైన రేకులు. కీబోర్డు, ప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ము), ఢోలక్, నాలుగు మైకులు, 15 అంగుళాల బాక్సులు రెండు ఉన్నాయి. పాడే బృందం ఎనిమిది మంది, బాగానే పాడతారు. చిక్కల్లా కిందున్న వాళ్ళతోనే. పల్లవి దగ్గర పెదాలు కదుల్తాయి, చరణం వచ్చేసరికి చూస్తా నిలబడిపోతారు. చప్పట్లు మటుకు బ్రహ్మాండంగా కొడతారు. పెద్దలేమో భక్తి తగ్గిపోయిందంటారు. కుర్రోళ్ళేమో పాత పాటలు పెడితే ఎవరు పాడతారంటారు. నాకు రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. సంఘం గొంతెత్తి పాడటం ఆరాధనలో అసలు ఎంత ముఖ్యం? దాన్ని మళ్ళీ తేవాలంటే ముందు ఎక్కడ చెయ్యి పెట్టాల? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా రాయండి.

శృతి పెట్టె (నెల్లూరు)

బ్రదర్, మిగతావన్నీ తర్వాత. ఏ శృతిలో పాడతా ఉండారో ముందు అది చెప్పండి.

కొత్తసాక్షి

రికార్డింగులో ఎట్టుంటే అట్టే. లీడ్ తమ్ముడిది పై గొంతు. ఎక్కువ పాటలు 2, 2½. కొన్ని 4.

శృతి పెట్టె (నెల్లూరు)

సగం జబ్బు ఇక్కడే దొరికింది. కీబోర్డు మెట్ల మీద చెబుతా, పక్కన పెట్టుకుని చూడండి. శృతి అంకె అంటే పాట 'స' కూర్చునే మెట్టు: 2 అంటే 'డి', 2½ దాని పై నల్ల మెట్టు, 3 'ఇ', 4 'ఎఫ్', 6½ అంటే 'ఎ', 'బి'ల మధ్య నల్ల మెట్టు.

సంగీతం నేర్చుకోని మగ గొంతు హాయిగా పలికేది కింది 'ఎ' మెట్టు నుంచి మధ్య 'సి' దాటి 'డి' వరకు, మొత్తం పదకొండు తెల్ల మెట్లు. ఆడ గొంతుకు కూడా అంతే మేర, ఒక స్థాయి పైన. 'డి' దాటి 'ఇ' మీద రెండు మూడు అక్షరాలు నిలబడాల్సి వచ్చిందంటే మగవాళ్ళు కింది స్థాయికి దూకి గొణుగుతారు, ఆడవాళ్ళు గొంతు సన్నం చేసి ఆ తర్వాత ఆపేస్తారు. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. పల్లవి కిందే తిరుగుతుంది కాబట్టి పెదాలు కదుల్తాయి, చరణం పైకెక్కగానే మూసుకుంటాయి. భక్తికీ దీనికీ సంబంధం లేదు.

పాటకు శృతి పెట్టే పద్ధతి: పాట మొత్తంలో అన్నిటికన్నా పై స్వరం ఎక్కడుందో వెతకండి. మామూలుగా చరణం మూడో పాదంలో ఉంటుంది. దాన్ని తెచ్చి 'సి' మీదో 'డి' మీదో కూర్చోబెట్టండి. ఇప్పుడు అన్నిటికన్నా కింది స్వరం 'ఎ' కన్నా దిగువకు పోతోందా చూడండి. పోకపోతే ఆ పాటకు అదే శృతి.

ఉదాహరణకు మధ్య షడ్జం (స) నుంచి పై గాంధారం (గ) దాకా పోయే పాట ఉందనుకోండి. 2లో ఎత్తుకుంటే ఆ గాంధారం 'ఎఫ్ షార్ప్' మీద పడుతుంది. సంఘంలో పదిమందికి కూడా అందదు. అదే 6½కి దింపితే, అంటే కీబోర్డులో శృతి మార్చే బటన్ ట్రాన్స్‌పోజ్ మైనస్ 4, సరిగ్గా 'డి' మీద పడుతుంది. అట్టని అన్ని పాటలకూ 6½ పెట్టకండి. కింది పంచమం (ప) నుంచి ధైవతం (ద) దాకా తిరిగే పాటలు కొన్ని ఉంటాయి, వాటికి 6½ పెడితే కింది పంచమం పోయి 'ఎఫ్' మీద పడి మూలుగు మాదిరి వినపడుద్ది. వాటికి 3 గానీ 4 గానీ కావాలి. పాటపాటకూ విడిగా చూసుకోవాల్సిందే.

పదకొండు మెట్లలో ఇమడని పాట సంఘం పాట కాదు. దాన్ని మానేయక్కర్లేదు, చరణం ఒక్కరు పాడి పల్లవి అందరికీ వదలండి.

ఇంకో రెండు. తెల్లవారుజాము ప్రార్థనకు గొంతు లేచి ఉండదు, అన్నిటినీ అర మెట్టో ఒక మెట్టో దింపండి. ట్రాన్స్‌పోజ్ నొక్కినాక పాట అయిపోగానే సున్నాకు తేవడం మరిచిపోతారు, తర్వాతి పాట మొత్తం తేడా కొడుతుంది. పుస్తకంలో పాట పక్కనే పెన్సిల్‌తో శృతి అంకె రాసిపెట్టుకుంటే స్టేజీ మీద వెతుకులాట ఉండదు.

ప్యాడ్ తమ్ముడు (కావలి)

అన్నా, 6½కి దింపితే లీడ్ పాడేవాళ్ళకు పాట చప్పగా అయిపోద్ది. ఊపు ఉండదు.

శృతి పెట్టె (నెల్లూరు)

లీడ్‌కు చప్పగా ఉంటే పర్వాలేదు తమ్ముడూ. ప్రత్యేక గీతం ఉందిగా, అక్కడ 2½లో పాడమను, సంగతులన్నీ వెయ్యమను. సంఘం పాటలో లీడ్ పని స్వరం చూపించడం వరకే. మెలికలు వేస్తే ఏది అసలు వరసో కిందవాళ్ళకు తెలియదు. తప్పు పాడతామేమోనని ఆగిపోతారు.

గుండ్లకమ్మ గట్టు (ఒంగోలు)

"ఎంత ముఖ్యం" అనే మొదటి ప్రశ్నను అందరూ దాటేశారు.

కొలొస్సయులకు రాసిన పత్రిక 3:16 తీయండి. కీర్తనలతో ఒకరికొకరు బోధించుకోవాలి, బుద్ధి చెప్పుకోవాలి అని ఉంది. అంటే పాట దేవుడికి ఎంతో, పక్కన నిలబడ్డవాడికి కూడా అంత. నువ్వు నోరు తెరవకపోతే పక్కవాడికి బోధ అందలేదన్నమాట. పాడే బృందం ఎంత బాగా పాడినా ఆ పని వాళ్ళొక్కరి వల్ల అయ్యేది కాదు. 136వ కీర్తన చూడండి. 26 వచనాలు, ప్రతి వచనంలో రెండో సగం ఒకటే మాట. మొదటి సగం ఒకరిది, రెండో సగం జనానిది. పుస్తకం అక్కర్లేని పాట.

ఈ గొడవ కూడా కొత్తదేం కాదు. 4వ శతాబ్దంలో లవొదికయ సభ, నియమించిన గాయకులు తప్ప ఇతరులు గుడిలో పాడకూడదని కట్టడి చేసింది. 1524లో లూథర్ వాళ్ళు ఎనిమిది పాటల చిన్న పుస్తకం అచ్చేసి పాటను మళ్ళీ జనం నోటికిచ్చారు. జెనీవాలో కాల్విన్ వాళ్ళ కీర్తనల పుస్తకం 1562కి పూర్తయింది, అది కూడా సంఘమంతా పాడటానికే. మన బాప్టిస్టుల్లో అయితే సంఘం పాడొచ్చా లేదా అనే దాని మీదే తగువు నడిచింది. బెంజమిన్ కీచ్ అనే పాస్టరు 1673 ప్రాంతంలో లండన్‌లోని తన సంఘంలో ప్రభు భోజనం తర్వాత ఒక పాట మొదలుపెట్టాడు. ఇష్టం లేనివాళ్ళు పాటకు ముందే లేచి వెళ్ళే ఏర్పాటు కూడా ఉండేది. చివరకు కొందరు విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు.

మన జిల్లాల సంగతికొస్తే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు, క్లౌ దొర 1866లో ఒంగోలు చేరాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళలో చదువొచ్చినవాళ్ళు బహు తక్కువ. చేతిలో పుస్తకం పెట్టి లాభం లేని జనానికి వాక్యం నోట నిలవాలంటే వరస కట్టి ఇవ్వాలి. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) లాంటి వాళ్ళ కీర్తనలు తెలుగు సంఘాల్లో అంత లోతుగా దిగడానికి కారణం అదే. పల్లవి చిన్నది, చరణం చరణానికీ మళ్ళీ వస్తుంది. రెండుసార్లు వింటే పట్టుబడుతుంది.

ఏడక్షరాలు (ఉదయగిరి)

గట్టు గారు కీర్తనల ఊసెత్తారు కాబట్టి తాళం సంగతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఎవరూ చూడరు. నేరుగా కీబోర్డులో స్టైల్ బటన్ (దానంతట అదే దరువు వేసేది) నొక్కేస్తారు.

ఆది తాళం 8 అక్షరాలు (తాళంలో అక్షరం అంటే ఒక లెక్క), నాలుగు దెబ్బల స్టైల్ మీద కూర్చుంటుంది. రూపకం 6, మూడు దెబ్బల స్టైల్‌తో లాక్కురావచ్చు. చాపు తాళం దగ్గరే వస్తుంది తంటా. మిశ్రచాపు 7 అక్షరాలు: తకిట తకధిమి. చాలా కీబోర్డుల్లో దానికి స్టైల్ ఉండదు. వాయించేవాళ్ళు నాలుగు దెబ్బలదే పెట్టి, ప్రతి పాదం చివర ఒక అక్షరం సాగదీసి 8 చేస్తారు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలకు ఆ పాట 7లోనే వచ్చు. వాళ్ళు పాదం అయిపోగానే తర్వాతది ఎత్తుకుంటారు, కీబోర్డు ఇంకా ఒక అక్షరం వెనక ఉంటుంది. రెండు పాదాలకల్లా మొత్తం కలగాపులగం. అప్పుడు స్టేజీ వాళ్ళు ముసలోళ్ళకు తాళం లేదంటారు. తాళం లేనిది ఎవరికో మీరే చెప్పండి.

మందు సులువు. చాపు పాటలకు స్టైల్ ఆపేయండి. ఢోలక్ మీద 3+2+2 వాయించండి: 1, 4, 6 అక్షరాల మీద దెబ్బ. చప్పట్లు కూడా అక్కడే.

వేగం: కీర్తనలకు నిమిషానికి 76 నుంచి 92 దెబ్బలు సరిపోతుంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు పాటలకు 60, 66. ఇప్పటి రికార్డింగులు 120 పైన ఉంటాయి. దెబ్బకు మాటల్లోవి నాలుగక్షరాలు కుక్కారనుకోండి, సెకనుకు 8 అక్షరాలు. మాట్లాడేటప్పుడే అంత వేగం రాదు, పాడేదెట్టా? నోరు తిరక్క చప్పట్లతో సరిపెట్టుకుంటారు. మీ దగ్గర చప్పట్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు కదా, ఒకసారి లెక్కేసి చూడండి.

పాదం చివర ఊపిరి తీసుకోవడానికి చోటివ్వాలి, అదీ లెక్కలోనే. ఒక అక్షరం వదలాలనుకుంటే ప్రతిసారీ ఒక్కటే. ఒకసారి ఒకటి, ఇంకోసారి రెండున్నర అయితే జనం కాచుక్కూర్చుంటారు, పాట జారిపోతుంది. పల్లవి కూడా అంతే: మొదట్లో రెండుసార్లు, ప్రతి చరణం తర్వాత ఒక్కసారి అని ఖాయం చేసుకోండి. ఆత్మ నడిపింపు అని ఒకసారి మూడు, ఒకసారి ఐదు అయితే ఎప్పుడు ఎత్తుకోవాలో ఎవరికీ ధైర్యం చాలదు. చరణాల మధ్య మ్యూజిక్ బిట్టు రికార్డింగులో ఎంత పొడుగున్నా సంఘంలో 8 అక్షరాలకు కోసేయండి.

బాక్సులు వైర్లు (కావలి)

ఇంక నా వంతు. 80 అడుగుల హాల్లో రెండు బాక్సులు అన్నారు. యాడ పెట్టారు?

కొత్తసాక్షి

స్టేజీ కింద, రెండు వైపులా నేల మీద. మిక్సర్లో ఎకో ఉంది.

బాక్సులు వైర్లు (కావలి)

అనుకున్నా. నేల మీద పెడితే ముందు నాలుగు వరసలకు చెవులు పగులుతాయి, మనుషులు నిలబడంగానే వెనక్కి మాట అందదు. వెనకవాళ్ళకు అందలేదని వాల్యూం పెంచుతారు, ముందోళ్ళు ఇంకా మునిగిపోతారు. స్టాండ్లెక్కించండి. బాక్సులో పైన ఉండే హార్న్ 7 అడుగులకు పైన ఉండాల, ముఖం కాస్త కిందికి వంచి మూడో వంతు లోపలికి చూసేటట్టు తిప్పాల.

ఎకో: లీడ్ మైకుకు సున్నా. రేకుల హాల్లో దానంతట అదే మోత ఉంటది, మళ్ళీ మనం ఎకో కలిపితే మాట మీద మాట పడి ఏ అక్షరమూ తెలవదు. మాట తెలవనప్పుడు కొత్త పాట నేర్చుకునేది ఎట్టా?

వాల్యూం ఎంత ఉండాలంటే, మనిషికి పక్కనోళ్ళ గొంతు వినపడాల. ఇదొక్కటే కొలత. ఫోన్లో డెసిబెల్ యాప్ ఏదైనా పెట్టుకోండి. మైకులన్నీ ఆపి అందరికీ బాగా వచ్చిన కీర్తన పాడించి హాలు మధ్యలో కొలవండి. 78 వచ్చిందనుకుందాం. బాక్సుల మోత దానికన్నా 3, 4 ఎక్కువుంటే చాలు. 95 దాకా లేపితే మనిషికి తన గొంతే తనకు వినపడదు, పాడినా పాడకపోయినా ఒకటే అనిపించి మానేస్తాడు. జనం అందుకున్నాక లీడ్ మైకుకు ఒక అడుగు వెనక్కి జరగాల. బృందం నాలుగు మైకుల్లో పల్లవికి రెండు చాలు.

ఇప్పుడు పాట వేగం జారిపోవడం గురించి. గొంతు సెకనుకు సుమారు 1,130 అడుగులు పోద్ది. మీ హాల్లో వెనక వరసకు పోవడానికి 0.07 సెకను, వాళ్ళ పాట తిరిగి స్టేజీకి రావడానికి ఇంకో 0.07. మొత్తం 0.14. నిమిషానికి 90 దెబ్బల పాటలో ఒక దెబ్బ 0.67 సెకను, అంటే దెబ్బలో ఐదో వంతు ఆలస్యంగా వినపడతా ఉంటది. కీబోర్డు తమ్ముడు "జనం వెనకబడ్డారు" అని వాళ్ళ కోసం ఆగితే జనం ఇంకా ఆగుతారు. చరణం చరణానికీ నిదానమైపోద్ది. కాబట్టి వాయించేవాళ్ళు జనం గొంతు వెంట పోకూడదు, ఢోలక్ వెంట పోవాల. సువార్త సభల్లో 300 అడుగుల దూరంలో స్తంభానికి హార్న్ కడితే తేడా 0.27 సెకను. ఆడ సంఘగానం అసలు కుదరదు. దూరం హార్న్లకు డిలే (శబ్దాన్ని కావాలని ఆలస్యం చేసే ఏర్పాటు) పెట్టాల, లేదంటే పాట వరకు వాటిని ఆపి ప్రసంగానికి వెయ్యాల.

రేకుల కింద థర్మోకోల్ అంటిస్తే మోత తగ్గుద్దని ఎవరో ఒకరు చెప్తారు. వేడి తగ్గుద్ది, మోత తగ్గదు. వెనక గోడకు మందపాటి తెర, గోడకు నాలుగంగుళాలు ఎడంగా, కుచ్చుళ్ళతో వేలాడదీయండి. అది పనిచేస్తది.

మూడో చరణం (కనిగిరి)

అన్నయ్యలందరూ శృతులు, బాక్సులు చెప్పారు. మాటలు ఎట్టా అందించాలో ఎవరూ చెప్పలేదు. సండే స్కూలు, స్త్రీల సమాజం పాటలు చూసేవాళ్ళకు అదే పెద్ద పని.

చదువురాని పెద్దవాళ్ళున్న కూటంలో మంచి పద్ధతి పాదం అందించడం. ఒకరు పాదం పాడతారు, అందరూ అందుకుంటారు. ఇది మన పల్లెల్లో పుట్టిన సర్దుబాటు ఒక్కటే కాదు, 1640ల్లో ఇంగ్లండులో వెస్ట్‌మిన్‌స్టర్ సభ రాసిన ఆరాధన క్రమంలో కూడా ఉంది: చదవలేనివాళ్ళు ఎక్కువగా ఉన్నచోట కీర్తనను పాదం పాదంగా ముందు చదివి పాడించమని. దీంట్లో లోపం కూడా ఉంది. వాక్యం మధ్యలో తెగుతుంది, పాటకు రెట్టింపు సమయం పడుతుంది. అందుకని పాదమంతా పాడి అందించక్కర్లేదు, పాట నడుస్తుండగానే తర్వాతి పాదం మొదటి రెండు మాటలు ముందుగా పలికితే సరిపోతుంది. ముందు పాదంలో చివరి మాట సాగుతున్నప్పుడు పలకాలి. పాదం అయిపోయాక పలికితే ఆలస్యం, జనం అప్పటికే తడబడి ఉంటారు.

తెర మీద వేసేవాళ్ళకు: 80 అడుగుల దూరానికి అక్షరం 4 అంగుళాలు తగ్గకూడదు, తగ్గితే వత్తులు, గుడులు ఆనవు. 8 అడుగుల తెర మీద పాదానికి 20 అక్షరాలు పడతాయి, నాలుగు పాదాలు చాలు. పాదాన్ని తెర వెడల్పును బట్టి కాదు, ఊపిరి తీసుకునేచోట విరవండి. చివరి పాదం సగంలో ఉండగానే తర్వాతి స్లైడు రావాలి. అను ఫాంట్లలో కొట్టిన పాటలు వేరే కంప్యూటర్లో తెరిస్తే గజిబిజి గీతలు వస్తాయి, సరిగ్గా ఆరాధన మొదలయ్యాకే ఆ సంగతి బయటపడుద్ది. యూనికోడ్‌లో మళ్ళీ కొట్టించుకోండి.

నంబరు చెప్పేటప్పుడు పాట మొదటి మాటలు కూడా చెప్పండి. ఒకరి చేతిలో పాత ముద్రణ ఉంటుంది, ఒకరి చేతిలో కొత్తది, ఒకరి దగ్గర వేరే సంఘం పుస్తకం.

ప్యాడ్ తమ్ముడు (కావలి)

అక్కా, ఇట్టా అన్నీ 80లో, 6½లో, ఎకో లేకుండా పెడితే యూత్ చర్చికి రారు. కొత్త పాటలు వద్దంటారా?

మూడో చరణం (కనిగిరి)

వద్దని ఎవరన్నారు తమ్ముడూ? నేర్పకుండా పాడటమే వద్దనేది. నెలకొక కొత్త పాట చాలు. మొదటి వారం ఆరాధన మొదలవకముందు జనం కూర్చునే వేళ కీబోర్డు మీద వరస మటుకే వాయించు, తర్వాత బృందం ఒకసారి పాడాలి. రెండో వారం పల్లవి నేర్పు: మాటలు చదివించి, ఒకసారి నువ్వు, రెండుసార్లు వాళ్ళు. చరణాలు బృందమే. మూడో వారం మొత్తం అందరూ. నాలుగో వారం మళ్ళీ అదే పాట, ఆరాధన మధ్యలో, రెండు తెలిసిన పాటల నడుమ పెట్టు. తర్వాత రెండు వారాలు వదిలేసి మళ్ళీ తీస్తే ఎంత నిలిచిందో తెలుస్తుంది. ఒకే ఆదివారం ఐదు పాటల్లో మూడు కొత్తవి పెడితే జనం చూడటానికి అలవాటు పడతారు. ఒకసారి చూడటం అలవాటైతే తెలిసిన పాటకు కూడా నోరు లేవదు.

పిల్లలకు నెలకొక కీర్తన నేర్పితే ఇంట్లో అమ్మానాన్నలకు వాళ్ళే నేర్పుతారు. పిల్లలతో 6½ మాత్రం పనికిరాదు, వాళ్ళకు కింది 'బి' దిగువ పలకదు. వాళ్ళొక్కరే పాడేటప్పుడు 2, 3 శృతిలో పెట్టండి.

గుండ్లకమ్మ గట్టు (ఒంగోలు)

అమ్మాయి చెప్పినదానికి ఒక్క చేర్పు. పాట కొత్తదా పాతదా అని కాదు, చరణాలు ఎన్ని పాడుతున్నారో చూడండి. ఆరు చరణాల కీర్తనలో సిలువ నాలుగో చరణంలో, పునరుత్థానం ఆరులో ఉండొచ్చు. టైం లేదని మొదటి రెండు పాడి ఆపేస్తే బోధ సగంలో తెగినట్టే. టైం లేకపోతే ఒక పాట తగ్గించుకోండి, చరణాలు కోయకండి.

ప్యాడ్ తమ్ముడు (కావలి)

ఆరు చరణాలు! సరే అయ్యగారూ, ఆ రోజు ప్రసంగం మీరే తగ్గించి ఇప్పించండి.

పీఠం పక్కన (నెల్లూరు)

మా కతోలిక గుళ్ళలోనూ ఇదే గోల, కానీ మాకు ఒక కొలబద్ద ఉంది. 1963 డిసెంబర్ 4న వచ్చిన వాటికన్ మహాసభ ఆరాధన శాసనం, విశ్వాసులు చురుగ్గా పాల్గొనాలని స్పష్టంగా చెప్పింది. 1967లో పూజా సంగీతం మీద వచ్చిన సూచనల్లో పాటలకు మూడు మెట్లు పెట్టారు. మొదటి మెట్టు: పూజ చేసే గురువుకూ జనానికీ మధ్య నడిచే పలకరింపులు, జవాబులు, "పరిశుద్ధుడు పరిశుద్ధుడు", పరలోక ప్రార్థన. రెండో మెట్టు: "ప్రభువా దయ చూపుము", మహిమ గీతం, విశ్వాస ప్రకటన లాంటివి. ప్రవేశ గీతం, కానుకల గీతం, సత్ప్రసాద గీతం మూడో మెట్టు. మొదటిది లేకుండా రెండు, మూడు పెట్టకూడదని కూడా అందులోనే ఉంది.

మన గుళ్ళలో జరిగేది చాలావరకు తలకిందులు. మూడో మెట్టు పాటలు బృందం ప్యాడ్లతో పాడుతుంది, జనం పాడాల్సిన మొదటి మెట్టును అందరూ వచనంలో గబగబా చదివేస్తారు. బాగు చేయాలంటే కొత్త పాటలేం అక్కర్లేదు. "మీకును తోడై యుండును గాక" లాంటి జవాబులను నాలుగైదు స్వరాల్లో, వాయిద్యాలు లేకుండా, ప్రతి వారం ఒకే వరసలో పాడించండి. పుస్తకం అక్కర్లేదు, తెర అక్కర్లేదు. పాట అనే భయం లేకుండానే నోరు లేస్తుంది.

పూర్వపు నెల్లూరు జిల్లాలో గూడూరు, నాయుడుపేట వైపు లూథరన్ సంఘాల ఆరాధన క్రమంలో కూడా ఇట్టాంటి పాడే జవాబులున్నాయి. బాప్టిస్టు సంఘాల్లో కనీసం చివరి ఆమెన్, కానుకల తర్వాత స్తుతి పాదం ఈ పద్ధతిలో చేయొచ్చు.

కొత్తసాక్షి

చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు సందేహాలు. బాప్తిస్మాలు ఏటి దగ్గర ఇస్తాం, కరెంటు ఉండదు. భూస్థాపనలప్పుడు ఊరేగింపులో పాట ముందొకటి వెనకొకటి అవుతుంది. వీటికేం చేస్తారు?

మూడో చరణం (కనిగిరి)

ఏటి ఒడ్డున: అందరికీ కంఠతా వచ్చిన ఒకే పాట తీసుకోండి. ఒక్కొక్కరు నీళ్ళలోంచి లేవగానే ఒక పల్లవి, ఒక చరణం, అంతే. తర్వాతి వ్యక్తి దిగేదాకా సాగదీయకండి, పాస్టరు గారి మాట వినపడాలి. ఎత్తుకునేవాళ్ళు నీళ్ళకు ఎదురుగా కాదు, జనం వైపు తిరిగి నిలబడాలి. బయలు ప్రదేశంలో గొంతు గోడకు తగిలి తిరిగి రాదు, అందరూ దగ్గర దగ్గరగా నిలబడకపోతే ఎవరి పాట వాళ్ళదే అయిపోతుంది. కంజీర ఒకటి చాలు.

శృతి పెట్టె (నెల్లూరు)

భూస్థాపనకు: శృతి మామూలు కన్నా ఒక మెట్టు కిందికి. ఏడ్చిన గొంతులు పైకి లేవవు. ఊరేగింపు 100 అడుగులు దాటి సాగితే ఒకే పాట అందరూ కలిసి పాడటం వదిలేయండి. బాక్సులన్న లెక్క ఇక్కడ కూడా పనిచేస్తుంది. ముందు గుంపు చరణం, వెనక గుంపు పల్లవి అని పంచండి. వెనక గుంపులో గట్టి గొంతు ఇద్దరిని పెట్టాలి. వాళ్ళు అవతలి పాదం పూర్తిగా విన్నాకే ఎత్తుకుంటారు కాబట్టి ఆలస్యం ఉన్నా తగాదా ఉండదు.

అన్నట్టు రాగం గురించి ఒక మాట, కీబోర్డు వాయించేవాళ్ళ కోసం. శంకరాభరణం, మోహన పాటలకు మామూలు కార్డ్స్ (మూడు మెట్లు కలిపి నొక్కేవి) పర్వాలేదు. మాయామాళవగౌళ పాటకు మాత్రం జాగ్రత్త. షడ్జం 'సి' అనుకుంటే రిషభం (రి) 'డి' కాదు, దాని కింది నల్ల మెట్టు. మీరు అలవాటుగా 'జి' మేజర్ నొక్కితే అందులో తెల్ల 'డి' ఉంటుంది, సంఘం పాడే రిషభంతో ఢీకొంటుంది. జనానికి కారణం తెలియదు గానీ ఆ స్వరం దగ్గర గొంతు తగ్గించేస్తారు. 'సి' మేజర్, 'ఎఫ్' మైనర్, 'డి ఫ్లాట్' మేజర్, ఈ మూడింటితో సరిపెట్టండి. ఏమీ తోచకపోతే 'సి', 'జి' రెండు మెట్లూ కలిపి శృతి మాదిరి పట్టి ఉంచండి. తోడి, ముఖారి పాటలకైతే నా ఓటు దానికే.

కొత్తసాక్షి

ఈ ఆదివారానికి బాక్సులు స్టాండ్లెక్కిస్తాం, ఎకో తీసేస్తాం. శృతులు ఐదు పాటలకు దింపి రాసుకున్నాం. బృందాన్ని ఇద్దరిద్దరు చొప్పున హాల్లో నాలుగు చోట్ల నిలబెడదామనుకుంటున్నాం, సరేనా?

బాక్సులు వైర్లు (కావలి)

మంచి ఆలోచన. నలుగురిని స్టేజీ మీద ఉంచి నలుగురిని దించండి. ఇద్దర్ని మధ్యలో, ఇద్దర్ని చివరి నుంచి మూడో వరసలో. దించినోళ్ళకు మైకు ఇవ్వొద్దు. వాళ్ళు ఢోలక్ వాయించే చేతిని చూస్తా పాడాల, బాక్సు శబ్దం కోసం ఆగకూడదు.

ప్యాడ్ తమ్ముడు (కావలి)

ఏడక్షరాల అన్నా, ఒకటి అడుగుతా. చాపు పాటకు ప్యాడ్ అసలు వాడకూడదా? స్టైల్ వద్దన్నారు, చేత్తో కొట్టొచ్చు కదా?

ఏడక్షరాలు (ఉదయగిరి)

కొట్టొచ్చు తమ్ముడూ, అదే మంచిది. ఢోలక్ ఎడమ వైపు గుమికి శబ్దం ఒక ప్యాడ్‌కు, కుడి వైపు తా ఒక ప్యాడ్‌కు పెట్టుకో. 1 మీద గుమికి, 4 మీద తా, 6 మీద తా. మధ్య అక్షరాలు ఖాళీగా వదిలెయ్, మొదట్లో నింపాలని చూడకు. మెట్రోనోమ్ (వేగం లెక్కపెట్టి టిక్కుమనేది) పెట్టుకుంటే 4కి కాకుండా 7కి మార్చి, అక్షరానికి 180 దగ్గర మొదలుపెట్టు, ఆవర్తనం (7 అక్షరాల ఒక చుట్టు) 2.3 సెకన్లు వస్తుంది. తకిట తకధిమి నోటితో అంటూ చేత్తో కొట్టు. నోరు ఆపితే చెయ్యి ఎనిమిదికి పోతుంది, ఎవరికైనా అంతే. ఎత్తుగడ 1 మీద లేని పాటలుంటాయి, వాటికి ముందు ఒక ఆవర్తనం ఒట్టిగా కొట్టి చూపించు, రెండో ఆవర్తనంలో లీడ్ ఎత్తుకుంటాడు. కుదరకపోతే పాట పేరు ఇక్కడ పెట్టు, ఎక్కడ ఎత్తుకోవాలో రాస్తా.